ఓడరేవులో సుంకం, ఊళ్లో ధర: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కనిపించే లెక్క

ముడి పామాయిల్, ముడి సోయాబీన్, ముడి సన్‌ఫ్లవర్ నూనెల మీద మౌలిక దిగుమతి సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరు 14 నుంచి సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. దానికి 5 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు, ఈ రెండింటి మొత్తం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ కలిపితే, అప్పటిదాకా 5.5 శాతంగా ఉన్న అసలు భారం ఒక్కసారిగా 27.5 శాతమైంది. రిఫైండ్ నూనెల మీద అది 13.75 శాతం నుంచి 35.75 శాతానికి చేరింది. మరో నెల రోజుల్లో దసరా, ఆ వెంటనే విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, తర్వాత దీపావళి. ఇంటింటా పిండివంటలకు నూనె ఎక్కువగా పట్టే రోజులవి. పాత సుంకంతో దిగిన సరుకు దేశంలో సుమారు 30 లక్షల టన్నులు నిల్వ ఉందని, అది నెలన్నర దాకా సరిపోతుందని, ఆ నిల్వ అయ్యేవరకు గరిష్ఠ చిల్లర ధరను పెంచవద్దని కేంద్రం నూనె కంపెనీలకు సూచించింది. అయినా ధరలు ఆగలేదు. రోజుల వ్యవధిలోనే ప్యాకెట్టు మీద పదీ ఇరవై రూపాయలు పెరిగిపోయాయి.

నిల్వలు ఉండగానే ధర పెరగడాన్ని కేవలం అత్యాశ అని కొట్టిపారేస్తే విషయం సగమే అర్థమవుతుంది. వ్యాపారి ఈరోజు ధర కట్టేటప్పుడు నిన్న తాను ఎంతకు కొన్నాడో చూసుకోడు. రేపు అదే సరుకు మళ్లీ తెచ్చుకోవడానికి ఎంత పెట్టాల్సి వస్తుందో చూసుకుంటాడు. హోల్‌సేల్‌లో కొత్త రేటు చెప్పిన రోజునే చిల్లర కొట్టులోని పాత డబ్బాకూ కొత్త ధర పడుతుంది, లేకపోతే దాన్ని అమ్మగా వచ్చిన డబ్బుతో అంతే సరుకు తిరిగి కొనలేరు. బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఇదే తర్కం సుంకం తగ్గినప్పుడు అంత చురుగ్గా పనిచేయదు. 2025 మే చివర్లో ముడి నూనెల మీద మౌలిక సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించినప్పుడు మొత్తం భారం 16.5 శాతానికి దిగింది. అప్పుడు మాత్రం ఎక్కువ సుంకం కట్టి తెచ్చిన సరుకు ఇంకా ఉందన్న మాట గొలుసులోని ప్రతి మెట్టు దగ్గరా వినిపిస్తుంది. ఎక్కేటప్పటి తొందర దిగేటప్పుడు ఉండదు. ఈ రెంటి మధ్య గడిచే వారాల్లో వినియోగదారుడు చెల్లించే అదనపు సొమ్ము ఏ సుంకం పట్టికలోనూ కనిపించదు.

దేశాల మధ్య సుంకాల పోరు గురించి వార్తలు చదివేటప్పుడు చాలామందికి కలిగే అభిప్రాయం ఒకటుంది. ఫలానా దేశం మీద ఇంత శాతం సుంకం వేశారంటే ఆ దేశమే ఆ డబ్బు కడుతుందని అనిపిస్తుంది. నిజానికి సుంకం కట్టేది దిగుమతి చేసుకునే సంస్థ. ఇండోనేసియా నుంచి వచ్చిన పామాయిల్ మీద సుంకాన్ని మన రేవులోనే, మన దేశపు కంపెనీయే, రూపాయల్లోనే మన కస్టమ్స్ శాఖకు చెల్లిస్తుంది. అమెరికా మన రొయ్యల మీద వేసిన సుంకాన్ని అక్కడి దిగుమతిదారు అక్కడి ఖజానాకు కడతాడు. కట్టిన సంస్థ ఆ భారాన్ని తన దగ్గరే ఉంచుకుంటుందా, ముందుకు నెట్టి కొనేవాడి మీద వేస్తుందా, వెనక్కి నెట్టి అమ్మినవాడి ధర కోస్తుందా అన్నదే అసలు ప్రశ్న. దీనికి ఆర్థికశాస్త్రం చెప్పే సమాధానం సూటిగానే ఉంటుంది: పక్కకు తప్పుకునే వీలున్నవారు తప్పుకుంటారు, ఆ వీలు లేనివారి దగ్గర భారం ఆగుతుంది. ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సరుకులను వరసగా చూస్తే, సుంకం ఒకచోట కొనేవాడి మీద, మరోచోట పండించేవాడి మీద ఎందుకు పడుతుందో బోధపడుతుంది. చాలా ఇళ్లలో ఆ ఇద్దరూ ఒకే కుటుంబపు మనుషులు.

నూనె విషయంలో తప్పుకునే వీలు లేనివాడు వినియోగదారుడే. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి అవుతుంది. పామాయిల్ ప్రధానంగా ఇండోనేసియా, మలేసియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి, సన్‌ఫ్లవర్ రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి వస్తాయి. ధర పెరిగిందని ఇంట్లో పోపు మానేయలేరు. అందువల్ల పెరిగిన సుంకంలో అత్యధిక భాగం కొట్టు దాకా వచ్చి వినియోగదారుడి దగ్గరే ఆగుతుంది. లెక్క సులువుగా ఉండటానికి రేవుకు చేరిన ముడి నూనె ధర కిలో 100 రూపాయలు అనుకుందాం. 5.5 శాతం ఉన్నప్పుడు సుంకం ఐదున్నర రూపాయలు, 27.5 శాతం అయినప్పుడు ఇరవై ఏడున్నర. తేడా 22 రూపాయలు. నెలకు నాలుగు కిలోలు వాడే కుటుంబానికి ఇది 88 రూపాయలు. ఆపైన పడే 5 శాతం జీఎస్టీ కూడా కలిపితే ఏడాదికి సుమారు 1,100 రూపాయలు. ఉపాధి హామీ పథకంలో 2025–26కి ఆంధ్రప్రదేశ్‌లో నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. అంటే ఆ పెంపు ఒక్కటే మూడున్నర రోజుల కూలికి పైన తీసుకుంటుంది. నెల జీతం లక్ష ఉన్న ఇంట్లోనూ దాదాపు అదే 1,100. ఆదాయపు పన్ను సంపాదనను బట్టి పడుతుంది; వంటనూనె మీద సుంకం మాత్రం కడుపును బట్టి పడుతుంది. పేద కుటుంబపు ఖర్చులో తిండి వాటా ఎక్కువ కాబట్టి ఆహార వస్తువుల మీద వేసే ప్రతి సుంకం వారినే ముందు తాకుతుంది.

ఈ భారం దారిలో పెరగడానికి ఇంకో కారణం ఉంది. దిగుమతి సమయంలో కట్టే ఐజీఎస్టీని (దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీని) వ్యాపారి తర్వాత తన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, కస్టమ్స్ సుంకానికి ఆ సౌకర్యం లేదు. అది సరుకు ఖరీదులో కలిసిపోతుంది. రిఫైనరీ, టోకు వ్యాపారి, పంపిణీదారు, చిల్లర కొట్టు తమ లాభాన్ని శాతాల్లో వేసుకుంటే సుంకం మీద కూడా లాభం పడుతుంది, చివర్లో జీఎస్టీ కూడా ఆ మొత్తం మీదే లెక్కిస్తారు. రూపాయి మారకం విలువ కూడా ఇందులో చేయి వేస్తుంది. సుంకం శాతాల్లో ఉంటుంది కాబట్టి రూపాయి బలహీనపడి రేవు ధర 100 నుంచి 110కి పెరిగితే, ప్రభుత్వం రేటు ముట్టుకోకపోయినా 16.5 శాతం సుంకం పదహారున్నర రూపాయల నుంచి 18 దాటుతుంది. పామాయిల్, సోయా నూనె, బంగారం, వెండి వంటి సరుకులకు సుంకం లెక్కగట్టే ప్రామాణిక ధరను కేంద్రం పక్షం రోజులకొకసారి ప్రకటిస్తుంది. వార్తాపత్రికల్లో ఒక మూల వచ్చే ఆ చిన్న ప్రకటన నెల బడ్జెట్టును నేరుగా తాకుతుందన్న సంగతి కొద్దిమందికే తెలుసు.

సుంకం తగ్గిస్తే ఆ మేలంతా మనకే దక్కుతుందన్న హామీ కూడా లేదు. ఇండోనేసియా తన పామాయిల్ ఎగుమతుల మీద లెవీ వసూలు చేస్తుంది. మన దేశం సుంకం పెంచిన 2024 సెప్టెంబరులోనే ఆ దేశం తన లెవీని తగ్గించింది, 2025 మేలో 7.5 నుంచి 10 శాతానికి పెంచింది. కొనే దేశం వదులుకున్న పన్నులో కొంత అమ్మే దేశపు ఖజానాకు మళ్లిపోవచ్చు. 2022 ఏప్రిల్ చివరి నుంచి మే చివరి వారం దాకా ఆ దేశం పామాయిల్ ఎగుమతులనే ఆపేసినప్పుడు ఇక్కడి ధరలు ఎలా ఎగిశాయో కొన్నవారికి గుర్తుండే ఉంటుంది. ధర పెరుగుదల ప్యాకెట్టు మీద అంకెగా కనిపించకుండా బరువులో దాగడం కూడా ఆ తర్వాత మామూలైపోయింది. లీటరు పామాయిల్ సుమారు 910 గ్రాములు తూగుతుంది. లీటరు ప్యాకెట్టంత కనిపించే సంచిలో 850 గ్రాములో, అంతకన్నా తక్కువో పోసి అమ్మడం చట్టం ప్రకారం తప్పు కాకపోయినా, బరువు చదవకుండా ధర మాత్రమే చూసి కొనేవారు నష్టపోతున్నారు.

సముద్రం దాటని నూనెల సంగతి కూడా ఇక్కడే చూడాలి. శ్రీకాకుళం జిల్లా రైస్ మిల్లుల్లో వచ్చే తవుడు నుంచి తీసే నూనెకు ఏ రేవులోనూ సుంకం పడదు. విజయనగరం జిల్లాలో పండే నువ్వులకూ, గానుగలో ఆడించే వేరుశెనగ నూనెకూ పడదు. అయినా పామాయిల్ మీద సుంకం పెరిగినప్పుడు వీటి ధరలూ పెరుగుతాయి. పోటీ సరుకు ఖరీదైనప్పుడు స్థానికంగా తయారుచేసేవారికి ధర పెంచుకునే చోటు దొరుకుతుంది. దీనికి బాగా పరిశోధించిన ఉదాహరణ అమెరికాలో ఉంది. 2018 జనవరిలో అక్కడి ప్రభుత్వం దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేసింది. వాటి ధర సుమారు 12 శాతం పెరిగింది. సుంకం అసలే వేయని బట్టలారబెట్టే యంత్రాల ధర కూడా దాదాపు అంతే పెరిగింది, ఎందుకంటే అక్కడి కొనుగోలుదారులు ఆ రెంటినీ జతగా కొంటారు. అమెరికాలోనే తయారైన యంత్రాలూ చౌకగా ఉండిపోలేదు. ఫ్లాయెన్, హోర్టాక్సు, టింటెల్‌నాట్ అనే ముగ్గురు ఆర్థికవేత్తల అంచనా ప్రకారం వినియోగదారుల మీద ఏడాదికి పడిన భారం సుమారు 150 కోట్ల డాలర్లు. కొత్తగా వచ్చిన ఉద్యోగాలు సుమారు 1,800. సుంకం ద్వారా వచ్చిన ఆదాయాన్ని మినహాయించినా ఒక్కో ఉద్యోగానికి వినియోగదారులు చెల్లించినది 8 లక్షల డాలర్లు దాటింది. ఉద్యోగం వచ్చిన 1,800 మంది కంటికి కనిపిస్తారు, యంత్రానికి కొంత ఎక్కువ పెట్టిన లక్షల మంది కనిపించరు. సుంకాల రాజకీయమంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

శ్రీకాకుళం జిల్లాలోని పలాస, కాశీబుగ్గల జీడి పరిశ్రమ దగ్గరకు వస్తే లెక్క తిరగబడుతుంది. జీడిపప్పు లేకపోయినా వంట ఆగదు. ధర పెరిగితే పాయసంలో పదింటికి ఐదు గుండ్లు వేస్తారు, స్వీటు దుకాణం గుండుకు బదులు బద్ద వాడుతుంది. కొనేవాడికి తప్పుకునే దారి ఉంది కాబట్టి సుంకం ప్రభావం ఎక్కువగా వెనక్కి, పిక్కలు పండించే రైతు మీదికీ పప్పు తీసే పరిశ్రమ మీదికీ మళ్లుతుంది. అక్కడ వందలాది చిన్న, మధ్యతరహా యూనిట్లున్నాయి. పిక్కలను ఉడికించి, ఆరబెట్టి, ఒక్కొక్కటిగా కోసి, పైపొర తీసి, గుండు, బద్ద, ముక్కగా గ్రేడు చేసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. జీడిరసం అంటితే చర్మం కాలుతుంది కాబట్టి చేతులకు నూనో బూడిదో రాసుకుని కూర్చుంటారు. బరువు లెక్కన చూస్తే పిక్కల్లో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటుగా పప్పు దిగుతుంది. పప్పు విరగకుండా గుండుగా వస్తే ఒక ధర, విరిగితే చాలా తక్కువ ధర. ఆ చేతి నైపుణ్యం మీదే యూనిట్ లాభం నిలబడి ఉంటుంది.

పలాస పరిసరాల్లోని ఉద్దానం తోటల్లో పండే పిక్కలు ఈ యూనిట్లకు ఏడాది పొడవునా చాలవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను కూకటివేళ్లతో పెకలించాక కొరత మరింత పెరిగింది, కొత్తగా నాటిన జీడి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఐవరీ కోస్ట్, టాంజానియా, బెనిన్, ఘనా వంటి ఆఫ్రికా దేశాల పిక్కలు రేవుల ద్వారా పలాసకు చేరుతున్నాయి. ముడి పిక్కల మీద 2016 బడ్జెట్లో 5 శాతం సుంకం వేసిన కేంద్రం 2018 బడ్జెట్లో దాన్ని 2.5 శాతానికి తగ్గించింది. విదేశీ పప్పు నేరుగా వచ్చిపడకుండా 2019 జులై బడ్జెట్లో జీడిపప్పు మీద సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచింది. ఈ రెండు నిర్ణయాలను కలిపి చదివితే ప్రభుత్వం ఎవరిని కాపాడాలనుకుందో తెలుస్తుంది. ముడి సరుకు చౌకగా రావాలి, తయారైన సరుకు ఖరీదుగా రావాలి. అంటే కాపాడదలచినది పప్పు తీసే పరిశ్రమను, అందులోని కూలీల పనిని. అది అవసరమైన రక్షణే. ఆ యూనిట్లు మూతపడితే వేలాది మంది ఆడవాళ్ల రోజువారీ ఆదాయం పోతుంది.

ఇదే ఏర్పాటులో ఉద్దానం రైతు ఎక్కడున్నాడన్నది మాత్రం ఎవరూ గట్టిగా అడగరు. పలాస ప్రాంతంలో పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. బస్తాకు 16 వేల రూపాయల మద్దతు ధర కావాలని రైతులు పలుమార్లు ఆందోళన చేశారు. సీజన్ మొదలయ్యేసరికి గోదాముల్లో విదేశీ పిక్కలు ఉంటే స్థానిక పిక్కల ధర పెంచి కొనాల్సిన అవసరం వ్యాపారికి ఉండదన్నది వారి వాదన, అందులో న్యాయముంది. రెండున్నర శాతం సుంకం రైతుకు రక్షణగా చాలదు. దాన్ని పెంచితే చిన్న యూనిట్లకు గిట్టదు. సుంకం అనే ఒక్క పనిముట్టుతో ఇద్దరినీ కాపాడటం కుదరదు. రైతుకు కావలసింది కాపు కాలంలో కొనుగోలు కేంద్రం, పిక్కలను నిల్వ చేసుకుని మంచి ధరకు అమ్ముకునే గోదాము, దాని మీద అప్పు. ఆ పనులు చేయకుండా సుంకం రేటును అటూ ఇటూ జరిపితే నష్టం ఒకరి నుంచి మరొకరికి మారుతుందే తప్ప తగ్గదు.

రొయ్యల దగ్గర భారం సముద్రానికి అవతల మొదలై ఇవతలి చెరువు గట్టు దాకా వచ్చింది. అమెరికా ప్రభుత్వం 2025 ఆగస్టు 7 నుంచి భారత ఉత్పత్తుల మీద 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం సుంకం విధించింది. అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (విదేశీ సరుకును అతి చౌకగా అమ్ముతున్నారని వేసే), కౌంటర్‌వెయిలింగ్ (అమ్మే దేశం ఇచ్చే సబ్సిడీకి ప్రతిగా వేసే) సుంకాలు కలిపితే మన రొయ్యల మీద మొత్తం 58 శాతం దాటింది. అప్పటికి అమెరికాకు అత్యధికంగా రొయ్యలు పంపుతున్న దేశం మనదే, మనదేశంలో అత్యధికంగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అదే సమయంలో ఈక్వడార్ రొయ్యల మీద అమెరికా వేసిన కొత్త సుంకం 15 శాతమే. అక్కడి దిగుమతిదారుకు పక్క దుకాణం దొరికింది, అతడు తప్పుకోగలడు. తప్పుకోలేనిది ఇక్కడి రైతు.

ఆ తప్పుకోలేకపోవడం ఎలా ఉంటుందో చెరువు లెక్క చూస్తే తెలుస్తుంది. వెనామీ రకం రొయ్యల పంట మూడు నుంచి నాలుగు నెలలు. రొయ్య కౌంటుకు (అమ్మకపు సైజుకు) వచ్చాక పట్టకుండా ఉంచితే రోజూ మేత వేయాలి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరగాలి, కరెంటు బిల్లు పెరుగుతుంది, ఏ రాత్రయినా తెగులు సోకితే చెరువంతా పోతుంది. ధర బాగోలేదని వరి ధాన్యంలా గాదెలో పోసి ఉంచే వీలు లేదు. కొనేవాడు కిలోకు ముప్పై తగ్గించినా, యాభై తగ్గించినా పట్టుబడి చేయక తప్పదు. పంటకు పెట్టుబడి పెట్టిన రోజున లేని సుంకం, పట్టుబడి రోజుకు వచ్చిపడటం రైతు ముందే ఊహించి జాగ్రత్తపడగలిగిన ముప్పు కాదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల తొలి ప్రకటన వెలువడగానే, అవి అమల్లోకి రాకముందే, ఇక్కడ కొనుగోలు ధరలు పడిపోయాయి. రొయ్యలకు మినహాయింపు సాధించాలని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాసింది ఆ నెలలోనే. రైతు చెరువు వేయడం తగ్గిస్తే భోగాపురం, పూసపాటిరేగ తీరంలోని హేచరీల్లో పిల్లకు గిరాకీ తగ్గుతుంది. మేత దుకాణం, ఐసు ఫ్యాక్టరీ, వ్యాను డ్రైవరు, ప్రాసెసింగ్ ప్లాంటులో తలలు తీసే కూలీ అంతా ఆ వరసలోనే ఉంటారు. వీరందరూ శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో కొనుగోలుదారులు కూడా. వారి చేతిలో డబ్బు ఆడకపోతే రొయ్యలతో ఏ సంబంధమూ లేని బట్టల దుకాణంలోనూ బేరం తగ్గుతుంది.

అమెరికా వినియోగదారుడు ఈ వ్యవహారంలో లాభపడ్డాడా అంటే అదీ లేదు. 2018 నాటి సుంకాల మీద అమితి, రెడింగ్, వైన్‌స్టైన్ చేసిన అధ్యయనం ఆ భారం దాదాపు పూర్తిగా అమెరికా దిగుమతిదారుల మీద, కొనుగోలుదారుల మీదే పడిందని చూపింది. సుంకం వల్ల ఒకవైపు కొనేవాడు ఎక్కువ ఇస్తాడు, మరోవైపు పండించేవాడికి తక్కువ వస్తుంది. మధ్య తేడా ఖజానాకు వెళ్తుంది, జరగాల్సిన కొంత వ్యాపారం అసలు జరగకుండా పోతుంది. ఈ చివరిది ఎవరి లాభమూ కాదు. మందులను మాత్రం అమెరికా ఆ సుంకాల నుంచి మినహాయించింది. పైడిభీమవరం పారిశ్రామికవాడలోని ఔషధ కర్మాగారాల మీద ఆధారపడిన కుటుంబాలకు అది ఊరట. చౌక జెనరిక్ మందుల ధర పెరిగితే తమ రోగులే భరించాల్సి వస్తుందన్న గ్రహింపు ఆ మినహాయింపులో కనిపిస్తుంది.

మిగిలిన కొన్ని సరుకులను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కందిపప్పు 2015 అక్టోబరులో కిలో 200 రూపాయలకు చేరిన అనుభవం తర్వాత, మొజాంబిక్, మయన్మార్, టాంజానియాల నుంచి కందుల దిగుమతి మీద ప్రభుత్వాలు జాగ్రత్తగా ఉంటున్నాయి. కొన్నేళ్లుగా వాటిని సుంకం లేకుండానే రానిస్తున్నాయి. మొబైల్ ఫోన్ల మీద సుంకం 2018లో 20 శాతానికి వెళ్లి 2024 జులై బడ్జెట్లో 15 శాతానికి వచ్చింది. ఇప్పుడు అమ్ముడయ్యే ఫోన్లు చాలావరకు ఇక్కడే తయారవుతున్నందున ఆ తగ్గింపు బజారులో పెద్దగా తెలియలేదు. బంగారం మీద అదే బడ్జెట్లో సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గినప్పుడు పెళ్లిళ్లవాళ్లు సంతోషించారు. అంతర్జాతీయ ధర పరుగు ఆ సంతోషాన్ని కొద్ది నెలలకే తుడిచేసింది. ఉక్కు షీట్లు, కాయిల్స్ వంటి బల్లపరుపు ఉక్కు మీద 2025 ఏప్రిల్ 21 నుంచి 200 రోజులకు 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం వేశారు. ఇల్లు కట్టుకునేవారు కొనే ఇనుప ఊచలు దాని కిందికి రావు కానీ, పైకప్పు రేకులు, బీరువాలు, ట్రాక్టరు ట్రాలీల వంటివి అలాంటి ఉక్కుతోనే తయారవుతాయి.

ఎగుమతి మీద వేసే ఆంక్షలు ఇందుకు విరుద్ధంగా పనిచేస్తాయి. 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. బియ్యం బయటికి పోకుండా ఉంటే దేశంలో ధర అదుపులో ఉంటుందన్నది ఉద్దేశం, అది కొంతవరకు నెరవేరింది కూడా. నిషేధాన్ని 2024 సెప్టెంబరు చివర్లో ఎత్తేశారు. ఆ పద్నాలుగు నెలలు పట్టణాల్లో బియ్యం కొనుక్కునేవారికి జరిగిన మేలుకు మూల్యం చెల్లించినది ధాన్యం అమ్ముకునే రైతులు. వంశధార, నాగావళి ఆయకట్టుల్లో ధాన్యం అమ్మి మిగతా సరుకులన్నీ కొనుక్కునే సన్నకారు రైతు కుటుంబానికి ఇందులో ఒరిగిందేమిటో లెక్క కట్టడం కష్టం. తమ తిండి గింజలు తమకు ఉంటాయి కాబట్టి బియ్యం చౌక వారికి పెద్దగా పనికిరాదు. నూనె సుంకం మాత్రం పూర్తిగా తగులుతుంది. దిగుమతి సుంకం పెరిగినప్పుడు వినియోగదారుడిగా, ఎగుమతి సుంకం వేసినప్పుడు ఉత్పత్తిదారుడిగా రెండువైపులా భరించే ఈ వర్గం ఉత్తరాంధ్రలో చాలా పెద్దది. విధాన ప్రకటనల్లో వినియోగదారులు, రైతులు అని రెండు వేర్వేరు గుంపులున్నట్టు మాట్లాడటం వల్ల వీరు రెండు లెక్కల్లోనూ జారిపోతున్నారు.

ఆయిల్‌పామ్ రైతు పరిస్థితి కూడా ఇలాంటిదే. పార్వతీపురం పరిసరాలతో సహా ఈ ప్రాంతంలో ఆయిల్‌పామ్ తోటలున్నాయి, 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో ప్రకటించిన జాతీయ పథకం వాటిని ఇంకా పెంచమంటోంది. మొక్క నాటిన నాలుగో ఏడాదికి గాని గెలలు సరిగా అందిరావు, తోట పాతికేళ్లకు పైగా ఉంటుంది. గెల ధర ముడి పామాయిల్ ధరను బట్టి లెక్కిస్తారు, ఆ ధర సుంకాన్ని బట్టి మారుతుంది. పాతికేళ్ల పంటకు ఆధారమైన సుంకం తొమ్మిది నెలల్లోపే 5.5 నుంచి 27.5కు, అక్కడి నుంచి 16.5కు మారింది. వినియోగదారుడికి ఊరటనిచ్చిన 2025 మే తగ్గింపు గెలలు కోసి మిల్లుకు పంపే రైతుకు నష్టమే. ఈ రెండు ప్రయోజనాల మధ్య ప్రభుత్వం ఏదో ఒక సమతూకం ఎంచుకోవాల్సిందే. అయితే ఎంచుకున్న రేటును కొన్నేళ్లు నిలకడగా ఉంచడం, అంతర్జాతీయ ధర ఒక స్థాయి దాటితే సుంకం ఎంత తగ్గుతుందో, ఒక స్థాయి కిందికి దిగితే ఎంత పెరుగుతుందో ముందే ప్రకటించడం ఖర్చు లేని పని. అలా చేస్తే రైతు నాటే ముందు లెక్క వేసుకోగలడు, సుంకం మారుతుందన్న వదంతి మీద సరుకు దాచే వ్యాపారికి అవకాశం తగ్గుతుంది.

సుంకం వేసి దశాబ్దం కావస్తున్నా ఫలితం ఎవరికి అందిందో తేలని సరుకు జనపనార. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఒకప్పుడు, జనపనారలాగే గోనె సంచులకు వాడే గోగునారకు పేరు పడ్డవి. నెల్లిమర్ల జూట్ మిల్లు చుట్టూ ఒక పట్టణమే పెరిగింది. బంగ్లాదేశ్, నేపాల్‌ల నుంచి చౌకగా వస్తున్న జనపనార నూలు, గోనె గుడ్డ, సంచుల మీద 2017 జనవరి 5న మన దేశం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. ఉత్పత్తిదారును బట్టి టన్నుకు 19 నుంచి 352 డాలర్ల దాకా. 2022 డిసెంబరులో దాన్ని మరో ఐదేళ్లు పొడిగించారు. ఆహార ధాన్యాలను గోనె సంచుల్లోనే నింపాలన్న 1987 నాటి చట్టం ఎలాగూ ఉంది, కాబట్టి సంచుల ధర పెరిగితే ఆ ఖర్చు ధాన్యం సేకరణ ద్వారా ప్రభుత్వ ఖజానా మీద, అంటే పన్ను కట్టే ప్రతివారి మీద పడుతుంది. ఇంత రక్షణ ఉన్నా రెండు జిల్లాల్లో గోగు సాగు తగ్గుతూనే వచ్చింది. నార ఊరవేయడానికి చెరువుల్లో నీరుండటం లేదు, మోకాళ్లలోతు నీటిలో నిలబడి నార ఒలిచే పనికి కూలీలు దొరకడం లేదు, దొరికినా గిట్టుబాటు కావడం లేదు. విదేశీ సంచిని ఆపగలిగిన సుంకం ఈ మూడింటిలో దేన్నీ తీర్చలేదు.

ఆ పొడిగింపు గడువు 2027 డిసెంబరుతో ముగుస్తుంది. సుంకాన్ని కొనసాగించాలో లేదో తేల్చే సమీక్షను కేంద్ర వాణిజ్య శాఖలోని డీజీటీఆర్ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్) జరుపుతుంది. నిబంధనల ప్రకారం అందులో ఉత్పత్తిదారులకే కాక, ఆ సరుకును వాడే పరిశ్రమలకూ, చిల్లరగా అమ్ముడయ్యే సరుకైతే వినియోగదారుల సంఘాలకూ తమ లెక్కలు సమర్పించే హక్కుంది. ఇప్పటిదాకా అలాంటి విచారణల్లో మిల్లు యాజమాన్యాల లెక్కలే ముందుంటున్నాయి. గోగునార పండించే రైతు సంఘాలు, సంచుల కొరతతో ధాన్యం కల్లాల్లోనే ఉండిపోయిన అనుభవమున్న కొనుగోలు కేంద్రాలు, మిల్లు కార్మిక సంఘాలు తమ తమ అంకెలను కాగితం మీద పెట్టి పంపడానికి ఇంకా సమయం ఉంది.